గుండెలో చిల్లు, పంటిలో పుచ్చు

పిల్లకు గుండెలో చిల్లు ఉందని ఎకోలో తేలిన రోజు నుంచి ఆ ఇంట్లో లెక్కలన్నీ ఆపరేషన్ చుట్టూనే తిరుగుతాయి. ఎప్పుడు చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఎంత బరువు పెరగాలి, ఆరోగ్యశ్రీలో అవుతుందా అన్నవే ప్రశ్నలు. పళ్ల సంగతి ఎవరికీ తట్టదు. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవే అనుకుంటారు. పన్ను పుచ్చి, చెంప వాచి, పిల్ల రాత్రంతా నిద్రపోనివ్వనప్పుడు గానీ నోరు తెరిచి చూడరు. అప్పుడు పళ్ల డాక్టరు గుండె డాక్టరు చీటీ తెమ్మంటారు. గుండె డాక్టరు పన్ను పీకే ముందు వేయమని ఒక మోతాదు యాంటీబయాటిక్ రాస్తారు. పని ముగించుకుని ఇంటికొచ్చి గండం గడిచిందనుకుంటారు. గుండె లోపలి పొరకు పట్టే ఇన్ఫెక్షన్‌ను వైద్యులు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అంటారు. దాని నివారణ అంటే మన దగ్గర వాడుకలో ఉన్నది ఇంతే. నిజానికి ప్రపంచ వైద్యం కూడా డెబ్బై ఏళ్లుగా ఎక్కువగా ఆ ఒక్క మోతాదు గురించే వాదించుకుంది. ఆ వాదనను, దాని వెనక ఉన్న సాక్ష్యాన్ని మొదటి నుంచి వరసగా చూస్తే తేలే సంగతి ఒకటుంది. ఆ మోతాదు కొద్దిమంది పిల్లలకు అవసరమే. కానీ పంటి కుర్చీలో గడిచే అరగంట కన్నా ఇంట్లో గడిచే మిగతా ఏడాదిలోనే ముప్పు ఎక్కువ. అందుకే నివారణ పని మందుచీటీతో కాక పిల్లల నోటితో మొదలు కావాలి.

గుండె లోపల రక్తం నునుపుగా పారుతున్నంత కాలం క్రిములకు అక్కడ నిలవడానికి చోటు దొరకదు. ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలోంచి తక్కువ ఒత్తిడి ఉన్న గదిలోకి సన్నని రంధ్రం గుండా రక్తం చిమ్మినప్పుడు, లేదా సరిగా మూసుకోని కవాటం నుంచి వెనక్కి తన్నినప్పుడు, ఆ ధార తగిలే చోట లోపొర గీరుకుపోతుంది. ఆ గీత మీద ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ చేరి చిన్న గడ్డ కడతాయి. అప్పటికి అక్కడ క్రిమి ఏదీ ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లో నోటి నుంచో చర్మం నుంచో క్రిములు రక్తంలోకి వస్తే ఆ గడ్డను పట్టుకుంటాయి, దాని పొరల్లో దాక్కుని పెరుగుతాయి. తెల్ల రక్తకణాలు అక్కడికి చేరడం కష్టం. గడ్డ ముక్కలు తెగి మెదడుకో మూత్రపిండాలకో ఊపిరితిత్తులకో కొట్టుకుపోతే కొత్త ప్రమాదం. తల్లిదండ్రులు తరచు పొరపడే ఒక విషయం ఈ వివరణతో తేటపడుతుంది. చిల్లు ఎంత పెద్దదైతే ముప్పు అంత ఎక్కువని అనుకుంటారు. ఈ ఇన్ఫెక్షన్ విషయంలో అసలు లెక్క ధార జోరుది. పై గదుల మధ్య ఉండే ఏఎస్‌డీలో రెండు వైపులా ఒత్తిడి దాదాపు సమానం కాబట్టి ధార మెల్లగా సాగుతుంది, ఇన్ఫెక్షన్ చాలా అరుదు. కింది గదుల మధ్య ఉండే చిన్న వీఎస్‌డీలో ధార పిచికారీలా కొడుతుంది. ఇక ఆపరేషన్‌లో పెట్టిన ప్యాచ్, కృత్రిమ కవాటం, షంట్ గొట్టం లాంటివి శరీరానికి పరాయి వస్తువులు. ప్యాచ్ మీద సొంత పొర పూర్తిగా పరుచుకోవడానికి సుమారు 6 నెలలు పడుతుంది. అంతవరకూ అది క్రిములకు తెరిచిన గుమ్మమే.

ఇది ఎంతమందికి వస్తుంది? కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో పుట్టుకతో గుండె జబ్బున్న 47 వేల మందికి పైగా పిల్లల రికార్డులు పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి వెయ్యి మందిలో సుమారు ఆరుగురికి ఈ ఇన్ఫెక్షన్ సోకిందని తేలింది. ఆరుగురే కదా అనిపించవచ్చు. అయితే ఈ ముప్పు అందరికీ సమానంగా లేదు. ఒళ్లు నీలంగా మారే రకం జబ్బులున్న పిల్లలకు అది చాలా రెట్లు ఎక్కువ. గత 6 నెలల్లో గుండె ఆపరేషన్ అయినవారికి సుమారు ఐదు రెట్లు. వచ్చాక పడే శిక్ష కూడా చిన్నది కాదు. నాలుగు నుంచి ఆరు వారాలు ఆసుపత్రిలో నరం ద్వారా యాంటీబయాటిక్ ఎక్కించాలి. కొందరికి దెబ్బతిన్న కవాటాన్ని మార్చాలి. ఆధునిక చికిత్స అందినా కొందరు పిల్లలు దక్కరు. పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు సోకినవారు దాదాపు ఎవరూ బతికేవారు కాదు. అరుదుగా వచ్చి, వచ్చినప్పుడు సర్వం ఊడ్చుకుపోయే జబ్బుల విషయంలో మనిషి మనసు ఒక తీరుగా పనిచేస్తుంది. ఏదో ఒకటి చేశామన్న తృప్తి కావాలి, అది కళ్లకు కనబడేలా ఉండాలి. పన్ను పీకే ముందు వేసే గోలీ ఆ తృప్తిని చక్కగా ఇచ్చింది. అది అంతకాలం నిలబడటంలో సాక్ష్యం పాలు ఎంతో, ఈ తృప్తి పాలూ అంతే.

నోటికీ గుండెకూ ఉన్న సంబంధం ఒక్కరోజులో బయటపడలేదు. 1885లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో విలియం ఆస్లర్ ఈ జబ్బు మీద ఉపన్యాసాలిచ్చి దాని రూపురేఖలు గీశారు. 1909లో థామస్ హోర్డర్ ఈ రోగుల రక్తంలో కనబడే స్ట్రెప్టోకాకస్ క్రిములు నోట్లో కాపురముండేవేనని గుర్తించారు. 1935లో ఓకెల్, ఎలియట్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు పన్ను పీకిన వెంటనే రక్తం తీసి పరీక్షించారు. సగానికి పైగా మందిలో క్రిములు కనబడ్డాయి, చిగుళ్లు చెడిపోయినవారిలో మరీ ఎక్కువగా. పెన్సిలిన్ చేతికొచ్చాక తర్వాతి అడుగు సులువైపోయింది. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తొలి సూచనలు ప్రకటించింది. పన్ను పీకితే క్రిములు రక్తంలోకి వస్తాయి, పెన్సిలిన్ క్రిములను చంపుతుంది, కాబట్టి ముందే పెన్సిలిన్ ఇస్తే జబ్బు రాదు. తర్కం గట్టిదే, కుందేళ్ల మీద ప్రయోగాలూ దానికి వంతపాడాయి. కానీ మందు ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి పోల్చే అసలైన పరీక్ష మనుషుల్లో ఎన్నడూ జరగలేదు. జబ్బు అంత అరుదు కాబట్టి అలాంటి పరీక్షకు వేలకు వేల మంది కావాలి. ఆ లోటుతోనే సూచనలు నడిచాయి. కాలక్రమంలో సవరణలతో మందు తగ్గుతూ వచ్చింది. పని ముగిశాక వేసే రెండో మోతాదును 1997లో తీసేసి ఒక్క మోతాదు చాలన్నారు. మందు ఇంతింతగా తగ్గిస్తున్నా ఎక్కడా ఉపద్రవం రాకపోవడం అప్పుడే ఒక అనుమానాన్ని రేపాల్సింది.

ఆ అనుమానానికి ఆధారం మరో వైపు నుంచి వచ్చింది. పన్ను పీకినప్పుడే కాదు, నమిలినప్పుడు, పళ్లు తోముకున్నప్పుడు కూడా క్రిములు రక్తంలోకి జారుతాయని క్రమంగా తెలిసింది. 1984లో గుంథరాత్ అనే పిల్లల గుండె వైద్యుడు ఒక లెక్క కట్టారు. ఒక పన్ను పీకితే రక్తంలో క్రిములుండేది 6 నుంచి 30 నిమిషాలు. అదే ఒక నెలలో నమలడం, తోమడం వల్ల క్రిములుండే సమయమంతా కలిపితే 5,370 నిమిషాలు. అది అంచనాయే గాని కొలత కాదు. కొలత 2008లో వచ్చింది. అమెరికాలో లాక్‌హార్ట్ బృందం 290 మందిని మూడు గుంపులుగా చేసింది. ఊరికే పళ్లు తోముకున్నవారిలో నూటికి 23 మందికి, అమాక్సిసిలిన్ వేసుకుని పన్ను పీకించుకున్నవారిలో 33 మందికి, మందు లేకుండా పీకించుకున్నవారిలో 60 మందికి రక్తంలో క్రిములు కనబడ్డాయి. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మందు పనిచేస్తుంది, ముప్పును దాదాపు సగానికి తెస్తుంది. కానీ పూర్తిగా తీసేయదు. ఇక పళ్లు తోముకోవడం ఏడాదికి ఏడు వందల సార్లకు పైమాటే, పన్ను పీకించుకోవడం ఏ ఒక్కసారో. ఏడు వందల సార్ల నాలుగోవంతును వదిలేసి ఒక్కసారి సగాన్ని పట్టుకుని కూర్చుంటే లెక్క కుదరదు. రోజువారీ క్రిముల సంఖ్య తక్కువ కదా, అవి జబ్బు తెస్తాయా అని అడగవచ్చు. 2011లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఎలుకల రక్తంలోకి కొద్దికొద్దిగా, ఆగకుండా క్రిములను ఎక్కించి చూశారు. ఒక్కసారి పెద్దమొత్తంలో ఎక్కించినప్పటిలాగే అప్పుడూ జబ్బు వచ్చింది.

ఈ సాక్ష్యాన్నంతా ముందు పెట్టుకుని 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తన జాబితాను బాగా కుదించింది. జబ్బు వచ్చే అవకాశాన్ని కాక, వస్తే ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితులను కొలబద్దగా తీసుకుంది. కృత్రిమ కవాటమున్నవారు, ఒకసారి ఈ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవారు, ఆపరేషన్ కాని నీలి రకం జబ్బులున్నవారు (షంట్ మాత్రమే వేయించుకున్నవారూ ఇందులోకే వస్తారు), ప్యాచ్ లేదా పరికరంతో రంధ్రం పూర్తిగా మూసిన తర్వాత తొలి 6 నెలల్లో ఉన్నవారు, ప్యాచ్ పక్కన ఇంకా లీకు మిగిలినవారు, గుండె మార్పిడి తర్వాత కవాటం చెడినవారు మాత్రమే అందులో మిగిలారు. మామూలు వీఎస్‌డీ పిల్లలు జాబితా నుంచి బయటికొచ్చారు. జాబితాలో ఉన్నవారికి పనికి 30 నుంచి 60 నిమిషాల ముందు కిలో బరువుకు 50 మిల్లీగ్రాముల చొప్పున అమాక్సిసిలిన్, పెద్దల మోతాదైన 2 గ్రాములు దాటకుండా ఇస్తారు. ఏ పనికి అన్నదీ స్పష్టం చేశారు. చిగుళ్లను, పంటి వేరు కొనను కదిలించేవాటికి, నోటి లోపలి పొర తెగేవాటికి మందు కావాలి. ఎక్స్‌రేకు, మంచి చిగురులో ఇచ్చే మత్తు సూదికి, పంటి క్లిప్పులు బిగించడానికి అక్కర్లేదు. పాలపన్ను దానంతటది ఊడినప్పుడూ, ఆటలో పెదవి చిట్లినప్పుడూ అక్కర్లేదు. నోటి ఆరోగ్యాన్ని నిలబెట్టడం ఈ మందు కన్నా ముఖ్యమని కూడా ఆ పత్రం తేటగా చెప్పింది. 2021లో జాబితాను మళ్లీ చూసి అలాగే నిలిపారు. లోకం జాబితాను గుర్తుంచుకుంది, నోటి ఆరోగ్యం మాటను గాలికొదిలేసింది.

జాబితా కుదింపు మీద గట్టి అభ్యంతరం బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ వైద్య సూచనలిచ్చే నైస్ సంస్థ 2008లో అమెరికా కన్నా ముందుకు పోయి ఎవరికీ ముందస్తు యాంటీబయాటిక్ వద్దంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన, ఆ తర్వాత ఇంగ్లండులో ఈ జబ్బు అంచనాకు మించి పెరిగిందని, 2013 మార్చి నాటికి నెలకు సుమారు 35 కేసులు అదనంగా వస్తున్నాయని చూపింది. మందు ఆపి పిల్లలను, పెద్దలను ప్రమాదంలోకి నెట్టారన్న విమర్శ మొదలైంది. ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయితే ఆ పెరుగుదలలో ఎక్కువ వాటా పెద్దలది. వారిలో పేస్‌మేకర్లు, డయాలిసిస్, వయసు మీరడం లాంటి వేరే కారణాలూ పెరుగుతూ వచ్చాయి. పెరుగుదల ముప్పు ఎక్కువున్నవారికే పరిమితం కాలేదు, ముప్పు తక్కువున్నవారిలోనూ కనబడింది. అమెరికాలోని పిల్లల ఆసుపత్రుల లెక్కలను 2012లో పరిశీలిస్తే 2007 తర్వాత చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇక 2022లో అమెరికా బీమా రికార్డులతో చేసిన పెద్ద అధ్యయనం, అధిక ముప్పున్నవారిలో పన్ను పీకడం లాంటి పనులకూ ఈ జబ్బుకూ సంబంధముందని, వారికి ముందస్తు మందు ఆ ముప్పును తగ్గించిందని తేల్చింది. 2023 యూరప్ సూచనలు అధిక ముప్పువారికి మందును మరింత గట్టిగా సిఫారసు చేశాయి. నైస్ కూడా 2016లో తన వాక్యంలో ‘సాధారణంగా’ అనే అర్థమిచ్చే పదం చేర్చి కాస్త వెనక్కి తగ్గింది. వీటన్నిటి సారం ఒక్కటే. అందరికీ ఇవ్వడమూ, ఎవరికీ ఇవ్వకపోవడమూ రెండూ తప్పే. చిన్న జాబితాకు ఖచ్చితంగా ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఒకలా, న్యూజెర్సీలో ఒకలా, లండన్‌లో ఒకలా సలహా విని తికమకపడే తెలుగు కుటుంబాలకు చెప్పదగ్గ మాట ఇదే.

రెండో అభ్యంతరం మన ఊళ్లలో ఎక్కువగా వినిపిస్తుంది. ఒక్క మోతాదుకు ఎంత ఖర్చని? గుండె జబ్బున్న పిల్లలందరికీ వేసేస్తే పోలా? ఒక్క మోతాదు అమాక్సిసిలిన్ వల్ల ఒక పిల్లకు కలిగే హాని నిజంగానే బహు తక్కువ. బ్రిటన్ లెక్కల్లో ఇలా ముందస్తుగా వేసిన అమాక్సిసిలిన్‌తో మరణం నమోదు కాలేదు. దానికి బదులు ఇచ్చే క్లిండమైసిన్‌తో మాత్రం పేగుల్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చి మరణాలు సంభవించాయి, అందుకే 2021లో దాన్ని పక్కన పెట్టారు. కాబట్టి ఈ అభ్యంతరానికి జవాబు అలర్జీ భయంలో వెతకనక్కర్లేదు. మందుల షాపులో చీటీ లేకుండానే యాంటీబయాటిక్ దొరికే చోట, జ్వరమొస్తే ఆర్‌ఎంపీ మొదట రాసేది అదే అయిన చోట, ‘గుండె పిల్ల కాబట్టి యాంటీబయాటిక్’ అన్న మాట ఒక్క మోతాదు దగ్గర ఆగదు. ఐదు రోజుల కోర్సవుతుంది, ప్రతి పంటినొప్పికీ ఒక కోర్సవుతుంది. మాటిమాటికీ వాడితే నోటిలోని స్ట్రెప్టోకాకస్ మొండికేస్తుంది. అప్పుడు నిజంగా జాబితాలో ఉన్న పిల్లకు అదే మందు అవసరమైన రోజున అది పనిచేయదు. ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. మందు వేశామన్న ధీమాలో పుచ్చు పళ్లు అలాగే ఉండిపోతాయి. పీకిన ఒక్క పన్నూ పోతుంది, మిగిలిన నాలుగు పుచ్చులూ రోజూ రక్తంలోకి క్రిములను పంపుతూనే ఉంటాయి.

మూడో అభ్యంతరం ఈ వ్యాసం వాదననే గురిపెడుతుంది. మందుకు సరైన పరీక్ష లేదన్నారు, మరి పళ్లు తోమితే ఈ జబ్బు తగ్గుతుందని నిరూపించిన పరీక్ష ఉందా? పైగా తోమడమే క్రిములను రక్తంలోకి పంపుతుంటే ఇంకా తోమమనడం ఏమిటి? మొదటి ప్రశ్నకు నిజాయితీగా లేదనే చెప్పాలి, అలాంటి పరీక్ష ఏదీ జరగలేదు. కానీ రెండింటినీ ఒకే తూకంలో వేయలేం. నోటి శుభ్రతకు ఈ జబ్బుతో సంబంధం లేకపోయినా పిల్లకు మేలే. నొప్పి తగ్గుతుంది, తిండి తినగలుగుతుంది, బరువు పెరుగుతుంది, ఆపరేషన్‌కు త్వరగా సిద్ధమవుతుంది. దానివల్ల నష్టపోయేది ఏమీ లేదు. రెండో ప్రశ్నకు జవాబు లాక్‌హార్ట్ బృందమే 2009లో ఇచ్చింది. తోముకున్నాక రక్తంలో క్రిములు కనబడినవారిని వేరుచేసి చూస్తే, పళ్ల మీద పాచి, గార ఎక్కువున్నవారికి ఆ ముప్పు సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. తోమినప్పుడు చిగుళ్ల నిండా రక్తం కారేవారికి సుమారు ఎనిమిది రెట్లు. అంటే క్రిములను పంపేది బ్రష్ కాదు, వాచిన చిగురు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని తోమడం ఆపితే వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే నమిలినా క్రిములు జారుతాయి. తోమినప్పుడు రక్తం కనబడటం ఆ పిల్లను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని చెప్పే గుర్తు.

గుండె జబ్బున్న పిల్లల పళ్లు త్వరగా పాడవడానికి కారణాలు ఇంట్లోనే కనబడతాయి. తాగగానే ఆయాసం వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా, చాలాసార్లు పాలు పట్టాలి. రాత్రి నిద్రలో కూడా. ఆ పాలల్లో చక్కెర కలుపుతారు. మందులు సిరప్‌ల రూపంలో ఉంటాయి, వాటిలో చాలా వాటికి తీపి ఉంటుంది. ఒంట్లో నీరు తీసే మందులతో నోరు ఎండుతుంది, లాలాజలం చేసే కాపలా తగ్గుతుంది. జబ్బు పిల్ల అన్న జాలితో ఏడిస్తే చాక్లెట్ ఇస్తారు, తోమబోతే ఏడుస్తుందని తోమరు. పంటి పైపొరే పలచగా ఏర్పడిన పిల్లలూ వీరిలో ఎక్కువ. దేశంలో మామూలు పిల్లల సంగతే చూస్తే, 2002-03 జాతీయ నోటి ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల వయసువారిలో సగానికి పైగా మందికి పుచ్చు పళ్లు కనబడ్డాయి. దీనికి చేయాల్సిన పనులు పెద్దవేమీ కావు. మొదటి పన్ను మొలవగానే మొదలుపెట్టి రోజూ రెండు పూటలా ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో తోమాలి. మూడేళ్ల లోపు బియ్యపు గింజంత, ఆపై బఠాణీ గింజంత పేస్టు చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా తోమాల్సింది అమ్మో నాన్నో. పిల్ల చేతికి బ్రష్ ఇచ్చి చూస్తూ కూర్చుంటే సరిపోదు. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు పంటిని అరగదీస్తాయి, వాటిలో ఫ్లోరైడ్ ఉండదు. రాత్రి తోమాక నీళ్లు తప్ప మరేమీ ఇవ్వకూడదు, సిరప్ వేసినా నోరు కడగాలి. ఏడాది నిండేలోగా ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గుండె ఆపరేషన్ తేదీ ఖాయం కాకముందే నోటి పరీక్ష జరగాలి. ప్యాచ్ వేసిన తర్వాతి 6 నెలలే అత్యంత సున్నితమైన కాలం కాబట్టి, పుచ్చు పళ్ల పని అంతకుముందే ముగించాలి.

అయితే క్రిములకు నోరొక్కటే దారి కాదు. పిల్లల్లో ఈ జబ్బును తెచ్చేవాటిలో చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్‌దీ పెద్ద వాటా. ఆసుపత్రిలో మెడ దగ్గరో తొడ దగ్గరో పెద్ద నరంలో రోజుల తరబడి ఉంచే గొట్టాలు దానికి రాచబాట. గుండె జబ్బు ఏదీ లేని పసిపిల్లలకూ అలా సోకుతుంది. దానికి పంటి డాక్టరు దగ్గర వేసే అమాక్సిసిలిన్ ఏ విధంగానూ అడ్డురాదు. అడ్డుపడగలిగేవి నర్సు చేతుల శుభ్రత, గొట్టాన్ని అవసరం తీరగానే తీసేసే పట్టుదల. ఇంట్లోనైతే సెగ్గడ్డలు, గజ్జి, చీముపట్టిన పుండ్లను ‘వేసవి కాక’ అని వదిలేయకుండా చూపించాలి. చెవులు కుట్టించడం మన ఇళ్లలో మానలేని ముచ్చట. ఆపరేషన్ జరిగిన కొత్తలో దాన్ని వాయిదా వేసి, తర్వాత శుభ్రమైన కొత్త సూదితో తెలిసినవారి చేత చేయించి, మానేదాకా కనిపెట్టుకుని ఉంటే మేలు. తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడూ అంతే; కొత్త బ్లేడు, గాటు పడితే శుభ్రత. పెద్దయ్యాక నాలుకకో బొడ్డుకో పోగులు, టాటూలు కోరుకునే వయసు వస్తుంది. ఆ మాట గుండె క్లినిక్‌లో ముందుగానే పిల్లలతోనే మాట్లాడాలి.

నాలుగో అభ్యంతరం మన దేశానికి ప్రత్యేకమైనది, ఆలోచించదగ్గది కూడా. ఈ జాబితాలన్నీ అమెరికాలోనో యూరప్‌లోనో తయారైనవి. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం అక్కడ దాదాపు కనుమరుగైంది, ఇక్కడ ఇంకా పిల్లల కవాటాలను తినేస్తూనే ఉంది. పేదరికం, ఇరుకిళ్లు, గొంతునొప్పికి సమయానికి వైద్యం అందకపోవడం ఈ పిల్లల పరిస్థితి. వీరు అమెరికా జాబితాలో లేరు. ఆస్ట్రేలియా తన ఆదివాసీ ప్రజల్లో రుమాటిక్ గుండె జబ్బు ఎక్కువని గుర్తించి ఆ జబ్బున్నవారినీ ముందస్తు మందు పరిధిలో ఉంచింది. మన దగ్గరా నోరు చెడి, పళ్ల వైద్యం అందని రుమాటిక్ పిల్లల విషయంలో గుండె వైద్యులు అలా నిర్ణయిస్తే తప్పు పట్టలేం. అది ఈ వాదనకు ఎదురు నిలవదు, తోడే వస్తుంది. ఎందుకంటే మందు అవసరాన్ని పెంచుతున్నది వీరిలో కూడా చెడిన నోరే. ఇక్కడ ఒక గందరగోళాన్ని విడదీయాలి. రుమాటిక్ పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి వేసే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ గొంతు ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా, కవాటం ఇంకా చెడకుండా కాపాడటానికి. గుండె లోపొర ఇన్ఫెక్షన్‌ను అది ఆపదు. ఇంజెక్షన్ పడుతోంది కదా అని పన్ను పీకేటప్పుడు ధీమాగా ఉండకూడదు. పెన్సిలిన్ అలవాటైన క్రిములకు ఆ రోజు వేరే తరగతి మందు ఎంచుకోవాల్సి ఉంటుంది. పళ్ల డాక్టరుకు ఇంజెక్షన్ సంగతి చెప్పి తీరాలి.

నివారణ ఎంత చేసినా కొందరికి జబ్బు వస్తుంది, అప్పుడు పట్టుకోవడంలో ఆలస్యం జరగకపోవడమే రెండో కోట. ఈ జబ్బు హఠాత్తుగా పడేయడం తక్కువ. సన్నగా జ్వరం, ఆకలి లేకపోవడం, నీరసం, బరువు తగ్గడం. మలేరియా అనో టైఫాయిడ్ అనో తోచే లక్షణాలు. రెండు రోజులకు యాంటీబయాటిక్ మొదలెడితే జ్వరం కాస్త దిగుతుంది, ఆపగానే మళ్లీ వస్తుంది. ఈలోగా రక్తంలోని క్రిములు సగం చచ్చి, పరీక్షకు దొరకకుండా పోతాయి. తర్వాత పెద్దాసుపత్రికి వచ్చినా ఏ క్రిమో, దానికి ఏ మందు పడుతుందో తెలియకుండా చీకట్లో బాణం వేసినట్టు చికిత్స చేయాలి. మన దేశంలో ఈ రోగుల రక్త పరీక్షలు తరచు ఖాళీగా రావడానికి ఇదొక ముఖ్య కారణం. కాబట్టి గుండె జబ్బున్న పిల్లకు కారణం తెలియని జ్వరం కొన్ని రోజులు వదలకపోయినా, తగ్గి తిరగబెట్టినా, ఒక్క యాంటీబయాటిక్ గోలీ కూడా వేయకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి. ఒక్కసారి కాక, వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు తీస్తే నమ్మకం ఎక్కువ. ముందస్తు మోతాదు విషయంలో యాంటీబయాటిక్ కోసం పట్టుబట్టే కుటుంబమే జ్వరం విషయంలో యాంటీబయాటిక్‌ను కాసేపు ఆపమని పట్టుబట్టాలి. ఈ తేడా తెలియజెప్పడం గుండె క్లినిక్ బాధ్యత.

ఇంత చెప్పాక ఇదంతా తల్లిదండ్రుల మీద వేసి తప్పుకోవడం న్యాయం కాదు. పిల్లల గుండె ఆపరేషన్లకు తెలుగు నేలలో దారులు తెరుచుకున్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది, 2021లో తిరుపతిలో టీటీడీ శ్రీ పద్మావతి పిల్లల గుండె ఆసుపత్రి వచ్చింది. పంటికి మాత్రం ఇంకా చాలావరకు జేబులోంచే తీయాలి, మండల స్థాయిలో పిల్లల పళ్లు చూసేవారు దొరకరు. దొరికినా గుండె పిల్ల అనగానే భయపడి వెనక్కి పంపుతారు. ఉన్న ఏర్పాట్లు కలిపితే ఈ ఖాళీ చాలావరకు పూడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్తాయి. వారు వెతకాల్సిన సుమారు 30 సమస్యల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బు, రుమాటిక్ గుండె జబ్బు, పళ్ల జబ్బులు మూడూ ఉన్నాయి. ఒకే కాగితం మీద ఉన్న ఈ మూడింటినీ ఒకే పిల్లలో కలిపి చూడమన్న ఆదేశమే కావాలి. గుండెలో సవ్వడి వినబడిన ప్రతి పిల్లనూ జిల్లా కేంద్రంలో ఎకోకు పంపేటప్పుడే పళ్ల పరీక్షకూ పంపాలి. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలలకూ గుండె ఆసుపత్రులకూ మధ్య నేరుగా పంపే ఏర్పాటు ఉంటే చీటీల కోసం తిరిగే బాధ తప్పుతుంది. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త మందూ అక్కర్లేదు.

డెబ్బై ఏళ్ల వాదనలో ఎక్కువ భాగం ఆ ఒక్క మోతాదు ఇవ్వాలా వద్దా అన్నదాని మీదే ఖర్చయింది. దానికి నేడు మనకు తగినంత స్పష్టమైన జవాబుంది: జాబితాలో ఉన్నవారికి తప్పక, లేనివారికి వద్దు, రుమాటిక్ పిల్లల విషయంలో వైద్యుల విచక్షణ. ఆ జవాబు దొరికాక కూడా నివారణను అక్కడే ఆపేస్తే, ఏడాదిలో ఒక్క పూట కాపలా కాసి మిగతా రోజులు తలుపు తీసి ఉంచినట్టే. గుండె ఆపరేషన్‌కు వచ్చే పిల్ల ఫైలులో బరువు, రక్తం గ్రూపు, ఎకో రిపోర్టు, తల్లిదండ్రుల సంతకం అన్నీ ఉంటాయి. అందులో ఇంకొక్క గడి చేరాలి: పళ్లు చూశారా, ఎవరు చూశారు, ఏ తేదీన. ఆ గడి ఖాళీగా ఉన్నంత కాలం ఆపరేషన్ తేదీ వేయకూడదన్న నియమం ఒక్కటి పాటించినా చాలు. డెబ్బై ఏళ్ల వాదన తేల్చిన నిజం ఆ పిల్ల నోటి దాకా చేరుతుంది.